ఎర్మానో కార్డు వెనక వైపు

పోయిన వారం అక్కయ్యను మేడ మీది గదిలో, చేతిలో ప్రూఫు కాగితం పట్టుకుని కొయ్యబారి నిలబడి ఉండగా వదిలేశాం. వారం రోజుల పాటు ఒక మనిషిని అలా నిలబెట్టి ఉంచడం మంచి పని కాదని నాకూ తెలుసు. కాని ఆ కాగితం చదివాక ఎవరు మాత్రం కూర్చోగలరు? ఇవాళే మన మధ్యకు వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో సంగతి చెప్పేసి ఆమె దగ్గరికే వెళ్దాం.

కళ్ళద్దాల దుకాణం పైన రెండు గదులు. ఆ గదుల్లో నలభై రెండేళ్ళుగా ఒక స్పానిష్-తెలుగు నిఘంటువు తయారవుతోంది. మాటకొకటి చొప్పున రాసిన కార్డులు చివరి అక్షరం దాకా ఉన్నాయి గాని అచ్చు మాత్రం ఇప్పుడే హెచ్ దగ్గరికి, స్పానిష్‌లో రాస్తారే గాని పలకని ఆ అక్షరం దగ్గరికి, వచ్చింది. దీన్ని తలపెట్టిన పెద్దాయన రెండేళ్ళ కిందట పోయారు. ఇప్పుడు ఆయన కూతురూ కొడుకూ ఆ బండి లాగుతున్నారు. కూతురికి నలభై మూడు, కొడుకుకు ముప్ఫై తొమ్మిది. ఆఫీసులో ఆమె అందరికీ అక్కయ్య, ఆయన అందరికీ తమ్ముడుగారు. డెబ్భై దాటిన వాచ్‌మన్ కూడా ఆమెను అక్కయ్య అనే పిలుస్తాడు. అసలు పేర్లు తలుపు మీది బోర్డుకు తప్ప ఎవరికీ అక్కర్లేదు.

పెద్దాయనకు ఒక పట్టుదల ఉండేది. మాటను వాడి చూపించే వాక్యం కూర్చుని కల్పించకూడదు, ఎవరో ఒకరు నిజంగా నోటితో అన్నదై ఉండాలి. ఇంట్లోనో బజార్లోనో బస్సులోనో ఒక మాట చెవిన పడితే దాన్ని స్పానిష్‌లోకి మార్చి కార్డు ముందు వైపు రాసేవారు. వెనక వైపు ఎవరన్నారు, ఎవరితో, ఎక్కడ అన్నది రాసేవారు. వెనక వైపు సాక్ష్యం కోసమే, అచ్చు కోసం కాదు. ప్రెస్సులో ఇరవై ఏళ్ళు పనిచేసిన పాత ఆపరేటరును నిద్రలో లేపి అడిగినా ఈ సంగతి చెప్పేవాడు. అతను కంటి ఆపరేషన్ చేయించుకుని పని మానేశాడు. అతని చోట చేరినావిడ మహా శ్రద్ధ గల మనిషి. కార్డుకు రెండు వైపులా రాత కనబడింది, రెండు వైపులా టైపు కొట్టేసింది.

అలా హెచ్ ప్రూఫులో తొమ్మిదో పేజీ అడుగున అక్కయ్య ఇది చదివింది.

"ఎర్మానో: అన్న, తమ్ముడు. మూలం: లాటిన్ గెర్మానుస్, ఒకే తల్లిదండ్రులకు పుట్టిన. వాక్యం: ఇదిగో, వీడే నీ తమ్ముడు. అన్నది నా భార్య. విన్నది మా పాప, నాలుగేళ్ళది. మా వీధి గుమ్మంలో. బాబుకు ఆ రోజుకు పదకొండు రోజులు. నా స్నేహితుడి బిడ్డ. ఇక మా బిడ్డ."

పేజీ అక్కడితో అయిపోయింది. తర్వాతి పేజీ తిప్పాలని ఆమెకు తోచలేదు. ప్రెస్సు నుంచి తిరిగివచ్చిన కార్డుల కట్ట విప్పి, ఆ కార్డు బయటికి లాగింది. నాన్న చేతిరాతేనని తెలియడానికి ఒక్క చూపు చాలింది. రెండో చూపుకు ధైర్యం చాలలేదు. కార్డును బల్ల సొరుగులో పడేసి, సొరుగును రెండు చేతులతో మూసింది.

అక్కాతమ్ముళ్ళిద్దరి ముక్కులూ అచ్చుగుద్దినట్టు ఒక్కలా ఉంటాయని చుట్టాలందరూ నలభై ఏళ్ళుగా మెచ్చుకుంటూనే ఉన్నారు. చుట్టాల చూపు అంత గొప్పది. ఆమె కూడా నమ్మింది. వాణ్ణి చంకనెత్తుకుని తిరిగి తన నడుం ఒక పక్కకు వాలిందని చెప్పుకుని మురిసిపోయేది. వాడికి సైకిలు నేర్పింది, వాడి కోసం లెక్కల టీచరుతో దెబ్బలాడింది, వాడి ప్రేమ సంగతి అమ్మకు చెప్పి ఒప్పించింది. పెళ్ళి వద్దనుకుని ఈ కార్డుల మధ్యే ఉండిపోయిందంటే అందులోనూ సగం కారణం వాడే. ఇప్పుడు ఒక్క కాగితం వచ్చి వాడు ఇంకెవరి బిడ్డో అంటోంది. వాడు తన తమ్ముడు కాకపోతే తను ఎవరు? బాధ ఇంకా రాలేదు. భయమొక్కటే వచ్చింది.

భయపడిన మనిషికి ముందు తోచేది దాచడమే కదా. ఆమె ప్రెస్సుకు ఫోన్ చేసింది.

"అమ్మా, హెచ్ ప్రూఫులో వెనక వైపు కూడా కొట్టేశారేంటి?"

"అయ్యో, కొట్టకూడదా అండీ?" అటువైపు ఆపరేటరు గొంతు బెదిరింది. "వెనక కూడా రాసుంటే, వదిలేస్తే తిడతారేమోనని... రెండు రాత్రులు కూర్చుని కొట్టానండీ."

"తిట్టట్లేదమ్మా. తొమ్మిదో పేజీ ఒక్కటీ ముందు వైపు మాత్రమే పెట్టి మళ్ళీ తీసి పంపండి. ఇప్పుడే. పదిన్నరలోపు కావాలి."

"పంపిస్తానండీ. మరి తమ్ముడుగారి కాపీలో కూడా మార్చాలా?"

అక్కయ్య ఫోనును ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. "ఏ కాపీ?"

"రెండు సెట్లు తీశాను కదండీ. పొద్దున ఎనిమిదిన్నరకి తమ్ముడుగారు కాలేజీకి వెళ్తూ దారిలో ఆగి ఒకటి పట్టుకెళ్ళారు. మీది మీకు పంపాను."

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె చెయ్యి దాని మీదే ఉండిపోయింది. తమ్ముడు పొద్దున కాలేజీలో స్పానిష్ పాఠాలు చెప్పి, పదకొండింటికి ఇక్కడికి వస్తాడు. ఒక్కటే ఆశ. ప్రూఫు ఎవరూ ఒంటరిగా చదవకూడదని నాన్న పెట్టిన నియమం. ఒంటరి కన్ను తనకు కావాల్సిందే చదువుతుందట. తమ్ముడు ఆ నియమాన్ని ఇంతవరకూ తప్పలేదు. ఇవాళ కూడా తప్పకుండా ఉంటే బాగుండునని ఆమె ఎవరిని తలుచుకోవాలో తెలియక గోడ గడియారాన్నే తలుచుకుంది.

పది కొట్టింది. మెట్ల మీద గొడుగు చప్పుడు. ఆ చప్పుడు మూడుసార్లు ఆగుతుంది, ఎనిమిదో మెట్టు దగ్గర, పదిహేనో మెట్టు దగ్గర, గుమ్మం ముందు. లాటిన్ మాస్టారికి డెబ్భై నాలుగేళ్ళు. ప్రతి కార్డులోనూ మూలం అనే గడి నింపడం ఆయన పని. స్పానిష్ మాట ఏ లాటిన్ మాట నుంచి వచ్చిందో, దారిలో ఏం పోగొట్టుకుందో, ఏం తగిలించుకుందో ఎర్ర సిరాతో రాస్తారు. వెలుతురు కోసం కిటికీ పక్క కుర్చీ ఆయనది. జేబురుమాలుతో కుర్చీ దులిపి, భూతద్దం తీసి తుడుచుకుని, "ఏమ్మా, హెచ్ వచ్చిందా?" అన్నారు.

"మాస్టారూ, మా నాన్నకి స్నేహితులెవరు?"

"మీ నాన్నకా!" ఆయన నవ్వారు. "ఆయన దగ్గర స్నేహితులు నిలిస్తేనా? వచ్చినవాడి చేతిలో వంద కార్డులు పెట్టి అక్షరక్రమంలో సర్దమనేవాడు. రెండోసారి ఎవరొస్తారు?"

"మీరు వచ్చారుగా."

"నాకు వేరే పని లేక వచ్చాను."

ఆమె తొమ్మిదో పేజీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. భూతద్దం వరసల మీద మెల్లగా నడిచింది. పేజీ అడుగుకు చేరి ఆగింది. మళ్ళీ కొంచెం పైకి వెళ్ళి మళ్ళీ కిందికి దిగింది. ఆయన భూతద్దాన్ని బల్ల మీద పెట్టేశారు.

"వెనక వైపు కూడా కొట్టేశారా?" అన్నారు.

అక్కయ్య అక్కడ పట్టుకుంది. నలభై ఏళ్ళు కార్డులతో బతికిన మనిషి, ఏది ఎక్కడ లోపించిందో ఆమె చెవికి ఇట్టే తెలుస్తుంది. "మీకు ఆశ్చర్యం వేసింది అచ్చయినందుకు. విషయానికి కాదు. అంటే మీకు ముందే తెలుసు."

మాస్టారు కిటికీ బయటికి చూశారు. బయట ఎదురింటి డాబా మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు. చూడదగ్గది అక్కడ ఏమీ లేదు.

"ఈ మాటని నువ్వు సరిగ్గా చూశావా?" అన్నారు చివరికి, పాఠం చెప్పే గొంతుతో. "రోమన్లు అన్నదమ్ముల్ని ఫ్రాతెర్ అనేవాళ్ళు. కాని ఫ్రాతెర్‌లోకి చాలామంది వచ్చేస్తారు, బాబాయి కొడుకులూ వస్తారు, ప్రాణస్నేహితులూ వస్తారు. కాదు, వీడు ఒకే తల్లికీ తండ్రికీ పుట్టినవాడు అని ఖాయంగా చెప్పాల్సొస్తే పక్కన గెర్మానుస్ అని తగిలించేవాళ్ళు. గెర్మెన్ అంటే మొలక. స్పెయిన్ వాళ్ళు ఏం చేశారో చూడు. అసలు మాటని మఠాల్లో సన్యాసులకి వదిలేసి, పక్కన తగిలించిన ముక్కని ఇంట్లోకి తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ళకి పెంచుకున్నవాడూ ఎర్మానోయే, సవతి తల్లి కొడుకూ ఎర్మానోయే. రక్తం సంగతి తేల్చడానికి పుట్టిన మాట, రక్తం సంగతి అడగడమే మానేసింది. కాబట్టి..."

"మాస్టారూ!" ఆమె అరవలేదు గాని అరిచినంత పని చేసింది. "మీరు నాకు మొలకలూ మఠాలూ చెప్పకండి. వాడు పదకొండింటికి ఆ గుమ్మంలోకి వస్తాడు. చేతిలో ఈ కాగితం ఉంటుంది. వాడు ఎవరి బిడ్డో ముందు నాకు తెలియాలి. ఎవరా స్నేహితుడు? బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఎక్కడ?"

మాస్టారు భూతద్దాన్ని మళ్ళీ తీసుకుని, మడిచిన రుమాలు విప్పి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచారు. "నేనేనమ్మా."

కింద దుకాణంలో ఎవరో అక్షరాలు గట్టిగా చదువుతున్నారు, కళ్ళు పరీక్ష చేయించుకుంటున్నట్టున్నారు. అక్కయ్యకు ఆ గొంతు ఒక్కటే వినిపించింది కాసేపు.

"మీరా?" అంది.

"అప్పుడు నేను మిషన్ స్కూల్లో లాటిన్ చెప్పేవాణ్ణి. మా ఆవిడకి పురుడైన నాలుగో రోజున జ్వరం తగిలింది. పదో రోజుకి పోయింది. ఇంట్లో ఆడదిక్కు లేదు. పాలు ఎలా కలపాలో నాకు తెలియదు. వాడు ఏడుస్తుంటే నేను కూడా పక్కన కూర్చుని ఏడ్చేవాణ్ణి. మర్నాడు మీ నాన్నా మీ అమ్మా వచ్చారు. మీ అమ్మ ఒక్క మాట అనకుండా వాణ్ణి తువ్వాల్లో చుట్టి ఎత్తుకుంది. కొన్నాళ్ళకేనని అనుకున్నాను."

"మరి వెనక్కి తీసుకోలేదేం?"

"వచ్చాను. వాడికి రెండేళ్ళప్పుడు వచ్చాను. స్కూల్లో ఉద్యోగం ఖాయమైంది, మా పెద్దమ్మ వచ్చి ఉంటానంది. వాడికో రైలుబండి బొమ్మ కొనుక్కుని మరీ వచ్చాను. వాడు నన్ను చూసి నీ గౌను వెనక దాక్కున్నాడు. నువ్వు ఆరేళ్ళ పిల్లవి. బొమ్మ తీసుకోమని వాడికి నువ్వే చెప్పావు. నాకు థాంక్స్ చెప్పమని కూడా చెప్పావు. నేను మీ నాన్నని పక్కకి పిలిచి అడిగాను. ఆయన కాదనలేదు. 'నీ బిడ్డ, తీసుకెళ్ళు. కాకపోతే వెళ్ళేముందు పాపతో నువ్వే చెప్పు' అన్నాడు."

"నాతో మీరేం చెప్పలేదే."

"చెప్పలేకపోయానమ్మా." మాస్టారు విప్పిన రుమాలును మళ్ళీ మడిచారు. "అప్పుడు ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. వాడికి ఎప్పటికీ చెప్పకూడదని ఆయన అడిగాడు. రోజూ చూసుకోనిస్తే చాలని నేను అడిగాను. అందుకే ఈ కుర్చీ."

ముప్ఫై ఏడేళ్ళు. అక్కయ్య మనసులో లెక్క కట్టి, కట్టినందుకు తనను తాను తిట్టుకుంది. జాలి పడాల్సిన చోట ఆమెకు కోపం వచ్చింది. జాలి నిదానంగా వస్తుంది, కోపానికి మెట్లెక్కడం తేలిక.

"వాడు రోజూ మీకు టీ గ్లాసు చేతికి అందిస్తాడు. మీరు 'చక్కెర తక్కువైంది తమ్ముడుగారూ' అంటారు. సొంత కొడుకుని తమ్ముడుగారూ అని ఎలా పిలవగలిగారు? వాడి పెళ్ళిలో ఎక్కడ కూర్చున్నారు మీరు?"

"వెనక వరసలో. ఫ్యాన్ కింద చోటు దొరికింది."

"ఈ కార్డు మీద మూలం మీరే రాశారు. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన, అని. చెయ్యి వణకలేదా?"

"మూడు చిత్తు కార్డులు పాడుచేశాక గాని దీని మీద రాయలేకపోయాను," అన్నారు మాస్టారు. "వెనక ఏముందో చూడలేదు. మీ నాన్న రాసి ఉంటాడని తెలుసు. ఆయన కల్పించిన వాక్యం రాయడు కదా. ఇంకో వాక్యం దొరకలేదా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. రాసుకోనీ, ఎక్కడో ఒక చోట ఉండనీ అనిపించింది."

అక్కయ్య గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. కార్డుల బీరువా తలుపు తెరిచి, ఎందుకు తెరిచిందో తెలియక మూసింది. పదకొండుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆపరేటరు పంపుతానన్న కొత్త పేజీ రాలేదు.

"వాడికి చెప్పొద్దు," అంది గోడకేసి చూస్తూ.

"నేను చెప్పనమ్మా. మాటిచ్చాను."

"నేను చెప్పొద్దంటున్నది మీ మాట కోసం కాదు." ఆమె ఇటు తిరిగింది. ఈ ఒక్క నిజం చెప్పకుండా ఉంటే మాస్టారి ముందు తను మరీ చిన్నదైపోతుందనిపించింది. "వాడు నా దగ్గర్నుంచి పోతాడని. మీరు తండ్రి అని తెలిస్తే వాడు మిమ్మల్ని ఏమంటాడో, ఏమనుకుంటాడో నాకు అక్కర్లేదు. రేపట్నుంచి నన్ను అక్కా అంటాడా, లేక కొంచెం ఆగి, ఆలోచించుకుని అంటాడా? ఆ ఆగడం నేను భరించలేను."

మాస్టారు రుమాలు జేబులో పెట్టుకున్నారు. తర్వాత, "ఆ కార్డు తీసెయ్," అన్నారు. "ఇంకో వాక్యం పెట్టు. నీకు తోచింది కల్పించి పెట్టు. అడగడానికి మీ నాన్న లేడుగా."

ఆ మాట ఆయన నోట వినాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు. ఒక్క కామా తప్పు పడితే వారం రోజులు అన్నం సహించని మనిషి అంటున్నాడామాట. ఆమె సొరుగు వైపు ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసేలోపు మెట్ల మీద మరో చప్పుడు, రెండేసి మెట్లు ఒక్కసారి ఎక్కే చప్పుడు వినబడింది. ఇరవై నిమిషాల ముందే వచ్చేశాడు.

"అక్కా, ఇవాళ పిల్లలకి పరీక్ష పెట్టేసి వచ్చేశా!" తమ్ముడు గుమ్మంలోనే చెప్పులు విదిల్చాడు. చేతిలో ప్రూఫుల కట్ట. అక్కయ్య చూపు నేరుగా ఆ కట్టకు చుట్టిన పురికొస మీదికి పోయింది. ప్రెస్సువాళ్ళు వేసిన ముడి వేసినట్టే ఉంది. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

"ఇవాళ వద్దు రా. తల పగిలిపోతోంది. రేపు చూద్దాం."

"ఒక గంట చూసి ఆపేద్దాం. కొత్తావిడ ఎలా కొట్టిందో తెలియాలిగా. మాస్టారూ, నమస్కారం. ఏంటి, ఇద్దరూ మొహాలు అలా పెట్టారు? మళ్ళీ ఏ లాటిన్ మాట మీద కొట్టుకున్నారు?"

ఎవరూ నవ్వలేదు. అతను అప్పటికే ముడి విప్పేసి, బల్లకు తన వైపున కూర్చుని, కార్డుల కట్ట ఆమె వైపు తోశాడు. ఆమె కూర్చుంది. కూర్చోకపోతే ఎందుకు కూర్చోలేదని అడుగుతాడు.

ఈ పని ఎలా సాగుతుందంటే, ఒకరు ప్రూఫు పైకి చదువుతారు, రెండోవారు కార్డు చూస్తుంటారు. ప్రతి కార్డు చివరా చదివేవారు "ఉందా?" అంటారు. కార్డులో అలాగే ఉంటే రెండోవారు "ఉంది" అనాలి. ఇంకో మాట అనకూడదు. మాస్టారు లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. భూతద్దం చేతిలో పట్టుకుని కిటికీ పక్కనే ఉండిపోయారు.

మొదటి పేజీలోనే తమ్ముడు పకపకా నవ్వాడు. "వెనక వైపులు కూడా కొట్టేసిందే ఈవిడ! విను. ఆబ్లార్, మాట్లాడు. వాక్యం: అక్క నాతో మాట్లాడట్లేదు. అన్నది మా అబ్బాయి. కారణం: పెన్సిల్ ముక్కు విరిచాడు. ఉందా?"

"ఉంది."

"ఆంబ్రే, ఆకలి. వాక్యం: నాకు ఆకలేస్తోంది. అన్నది మా అమ్మాయి, అన్నం తిన్న పావుగంటకి. నీ సంగతే! ఉందా?"

"ఉంది."

"అక్కా, మన ఇల్లంతా ఇందులో ఉందే! నాన్న మనకి చెప్పకుండా మనల్నే రాసుకున్నాడు. ఇవి తీసెయ్యొద్దు. వెనక వైపులన్నీ అచ్చు వేసేద్దాం. ఏమంటారు మాస్టారూ?"

మాస్టారు మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. తమ్ముడు ఉత్సాహంలో పడి గమనించలేదు. నాలుగో పేజీ, అయిదో పేజీ దాటాయి. ఎలాదో అనే మాట దగ్గర, ఐస్‌క్రీం కిందపడి తను ఏడ్చిన సంగతి చదివి కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వుకో ఇంకెందుకో. ఎరీదా అంటే గాయం, సైకిలు నేర్పుతూ అక్క మోకాలు చీరుకున్న రోజు. ప్రతిసారీ ఆమె "ఉంది" అంది. ఆ గంటలో ఆమె తమ్ముణ్ణి ఎంతగా చూసుకుందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. మెడ మీది పుట్టుమచ్చ దగ్గర్నుంచి చూసుకుంది.

తొమ్మిదో పేజీ వచ్చింది.

"ఎర్మానో కార్డు లేదేంటి కట్టలో?"

ఆమె లేచింది. పోయిందని చెప్పవచ్చు. ప్రెస్సువాళ్ళు పారేశారని చెప్పవచ్చు. అలా చెబుదామనే లేచింది. కాని సొరుగు తీసి, కార్డు తెచ్చి, తన చోట కూర్చుంది. ఎందుకు తెచ్చిందని మీరు అడిగితే నేను ఒక్కటే చెప్పగలను, అతను అంత నమ్మకంగా చెయ్యి చాపి అడిగినప్పుడు ఆమెకు అబద్ధం నోటికి రాలేదు.

అతను చదివాడు. మూలం దాకా గబగబా చదివాడు. వాక్యం దగ్గర నవ్వు మొహంతోనే చదివాడు. 'బాబుకు ఆ రోజుకు పదకొండు రోజులు' అన్న దగ్గర గొంతు నెమ్మదించింది. 'నా స్నేహితుడి బిడ్డ. ఇక మా బిడ్డ' అని చదివి, ఇంకెవరి సంగతో అనుకున్నట్టు పై వరస మళ్ళీ చూశాడు. తర్వాత పేజీ తిప్పాడు. అక్కయ్య చూడని పేజీ అది.

"పాప వాడి పాదం పట్టుకుని చూసి, 'మళ్ళీ వచ్చి తీసుకెళ్ళిపోతారా?' అని అడిగింది. మేమెవరమూ జవాబు చెప్పలేదు." తమ్ముడు కాగితం మీదనుంచి తలెత్తలేదు. "ఉందా?"

ఆమె కార్డు వైపు చూసింది. నాన్న అక్షరాలు, చివరి రెండు వరసలు కొంచెం కిందికి జారి ఉన్నాయి.

"ఉంది," అంది.

తమ్ముడు కాగితాన్ని మడిచాడు, మళ్ళీ విప్పాడు.

"మళ్ళీ తీసుకెళ్ళిపోతారా అని అడిగావు. అంటే నీకు తెలుసు."

"నాకు గుర్తులేదు రా. ఒట్టు. ఇవాళ పొద్దున ఈ కాగితం చూసేదాకా..."

"నాలుగేళ్ళప్పుడు పక్కింటి కుక్కకి ఏ రంగు మెడపట్టీ ఉండేదో నీకు గుర్తుంది. ఆ కథ నాకు వందసార్లు చెప్పావు. నన్ను ఎక్కణ్ణుంచో తెచ్చి గుమ్మంలో నీకు చూపించింది మాత్రం గుర్తులేదా?"

"లేదు. నువ్వు నాకు ఎప్పుడూ ఉన్నట్టే గుర్తు."

అది నిజం. ఇంత నిజం ఆమె జీవితంలో ఎప్పుడూ చెప్పలేదు. కాని అది అతని దాకా చేరలేదు. అతను రెండు చేతులతో మొహం రుద్దుకుని, మళ్ళీ ఆమె వైపు చూశాడు. నోరు తెరిచి ఒక్క క్షణం ఆగాడు. ఆమె భయపడ్డ ఆగడం అదే. వచ్చేసింది.

"పొద్దున చూశానన్నావుగా. గంటన్నర ఉంది నీ దగ్గర. నువ్వు ఊరికే కూర్చోవు, నాకు తెలుసు. ఎవరో ఒకర్ని అడిగి ఉంటావు." కాగితాన్ని ఆమె ముందుకు తోశాడు. "ఈ స్నేహితుడెవరో నీకు తెలుసా?"

మాస్టారి కుర్చీ కిర్రుమంది.

"తెలియదు," అంది అక్కయ్య.

అంటూనే ఆమె చూపు ఆమె మాట వినకుండా కిటికీ వైపు వెళ్ళింది. వెంటనే వెనక్కి లాక్కుంది గాని, అప్పటికే ఆలస్యమైపోయింది. తమ్ముడు ఆ చూపు వెళ్ళిన వైపే మెల్లగా తల తిప్పుతున్నాడు.